పూలమడిలో కుండీలు

శుక్రవారం సాయంత్రం నాలుగు దాటాక, ఆఖరి జీనియా మొక్క మొదట్లో మట్టిని బొటనవేళ్ళతో నొక్కేసి, ఇక లేవాలి కదా అనుకుని, లేవలేక తోటక్క ఇంకాసేపు అలాగే గొంతుక్కూర్చుంది. లేవడం కూడా ఈమధ్య ఆమెకి ఒక పనైపోయింది. ముందు ఎడమ చెయ్యి నేలకి ఆనించాలి, తర్వాత కుడి మోకాలు నెమ్మదిగా మట్టి మీద పెట్టాలి, పళ్ళు బిగబట్టాలి, అప్పుడు గాని నడుము పైకి రాదు, వచ్చాక కూడా రెండు నిమిషాలు ఏదో పూలని చూస్తున్నట్టు నటిస్తూ నిలబడాలి, ఎందుకంటే వెంటనే అడుగేస్తే పడిపోతుంది.

నటించక్కర్లేదు నిజానికి. చూడాల్సిన పూలే అవి. పార్కు గేట్లోంచి లోపలికి అడుగు పెట్టగానే ఎదురయ్యే గుండ్రటి మడి, రెండున్నర నెలల కింద ఒట్టి మట్టి, ఇప్పుడు ఎరుపూ పసుపూ నారింజా గులాబీ వరసలు వరసలుగా విచ్చుకుని, అన్నీ కూడబలుక్కున్నట్టు తూర్పుకే తిరిగి ఉన్నాయి. ఆ పార్కులో ఒక నియమం ఉంది. మడిలో ఉన్న ప్రతి మొక్కా ఆ మడిలోనే గింజ నుంచి లేవాలి. షెడ్డులో పెంచిన కుండీలు తెచ్చి, కుండీతో సహా పాతేసి, పైన మట్టి కప్పి, ఇది నా తోట అంటే కుదరదు. ఇరవయ్యారేళ్ళలో తోటక్క ఒక్కసారి కూడా ఆ పని చెయ్యలేదు, చేసినవాణ్ణి వదల్లేదు కూడా.

సూపర్‌వైజరు టీ గ్లాసు పట్టుకుని మడి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. బాగుందక్కా, చాలా బాగుంది, ఇక శని ఆదివారాలు నువ్వు రావద్దు, ఊళ్ళో పూల పండగ కదా, స్నేహితురాళ్ళతో హాయిగా తిరుగు అన్నాడు. ఆమె కదల్లేదు. మరి షెడ్డు సంగతి అని అడిగింది. ఆదివారం నాలుగింటికి ఆఫీసర్లు వస్తారు, అన్ని మడులూ చూస్తారు, ఎవరిది నచ్చితే వాళ్ళకే షెడ్డు, నాకైతే అనుమానమేం లేదు అన్నాడు.

షెడ్డంటే నీడ వల కప్పిన పొడుగాటి గది, నడుమెత్తు బల్ల, బల్ల ముందు ఎత్తు స్టూలు. రోడ్డు గట్లకీ అమ్మకానికీ వెళ్ళే మొక్కల కోసం ట్రేల్లో మట్టి నింపుకుని, గింజలు ఒక్కొక్కటీ వేలితో గుచ్చుకుంటూ రోజంతా కూర్చోవచ్చు. అక్కడ పని చేసే పెద్దాయన ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆ స్టూలు కోసం ఆమె ఐదేళ్ళ నుంచి అడుగుతోంది. అది రాకపోతే ఇంకో ఎండాకాలం ఆమె మోకాళ్ళు మొయ్యవు, పని మానెయ్యాలి, అంతే, ఇందులో దాపరికం ఏమీ లేదు, డాక్టరు కూడా అదే అన్నాడు.

శనివారం పొద్దున తొమ్మిదింటికే టీచరమ్మ తయారు. ముప్ఫై ఏళ్ళుగా ఒకే వీధిలో ఉన్న ముగ్గురు వాళ్ళు: ఒకటో తరగతి పిల్లలకి పాఠాలు చెప్పీ చెప్పీ పెద్దవాళ్ళతో కూడా ఒక్కో ముక్కా విడగొట్టి మాట్లాడే టీచరమ్మ, ఇంట్లోనే మిషను పెట్టుకుని ఊరందరికీ బట్టలు కుట్టే టైలరు వదిన, తోటక్క. వదిన తోటక్కకి సొంత అన్న భార్యే, కానీ ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు వదినా అనే పిలుచుకుంటారు, వినేవాళ్ళకి ఎవరు ఎవరికి ఏమవుతారో అర్థం కాక తల తిరుగుతుంది.

ఆ రెండు రోజులూ ఊళ్ళో తోటలున్న ఇళ్ళవాళ్ళు గేట్లకి పచ్చ రిబ్బను కట్టి తలుపులు తెరిచి పెడతారు, ఎవరైనా లోపలికెళ్ళి చూడొచ్చు. టీచరమ్మ చేతిలో తొమ్మిది ఇళ్ళ జాబితా ఉంది. తోటక్క దాన్ని చూసి, నేను సెలవు తీసుకున్నది తోటలు చూడటానికా అంది నీరసంగా. మిఠాయి కొట్టువాణ్ణి సెలవు రోజు మిఠాయిలు చూడటానికి తీసుకెళ్తున్నట్టుంది అని వదిన నవ్వింది. అయినా ముగ్గురూ బస్సెక్కారు.

మొదటి ఇల్లు, రెండో ఇల్లు, మూడో ఇల్లు. ప్రతి ఇంట్లోనూ అవే మెట్లు, అవే గులాబీలు, గులాబీల పక్కన నిలబడి వాటి పేర్లు చెప్పే ఇంటావిడ. తోటక్క వెనక నిలబడి వింటున్నట్టు తలూపుతోంది గాని చేతులు మాత్రం ఊరుకోవడం లేదు. ఎండిన పువ్వు కనబడితే తుంచుతుంది, గడ్డి పోచ కనబడితే లాగి జేబులో పెట్టుకుంటుంది. మూడో ఇంట్లో ఒక ముసలాయన ఆమె గడ్డి పీకడం చూసి, ఓహో తోటపని ఏజెన్సీ నుంచి వచ్చావా, పొద్దున్నుంచీ నీ కోసమే చూస్తున్నా అని కత్తెర తెచ్చి చేతిలో పెట్టాడు. నలుగురిలో పరువు తక్కువ అన్నట్టు టీచరమ్మ ఏదో చెప్పబోయింది గాని, తోటక్క మాట్లాడకుండా ఆ కంచె మొక్క ఒక పక్క శుభ్రంగా కత్తిరించి కత్తెర తిరిగి ఇచ్చేసింది. వివరంగా చెప్పడానికి ఓపిక కావాలి, కత్తిరించడానికి అక్కర్లేదు అంది బయటికొచ్చాక.

నాలుగో ఇంటికి పోయే బస్సులో వదిన అడిగింది, పోయినేడాది కథ చెప్పవూ అని. ఆ కథ వాళ్ళకి కంఠతా వచ్చు. అయినా ప్రతిసారీ కొత్తగా వింటారు.

పోయినేడాది ఇదే పండగ, పార్కులో రెండో మడి ఆమెతో పాటు తోటపని చేసే మీసాలాయనది. తోటక్క సెలవైనా పండగ చూడటానికి వచ్చి, అటుగా పోతూ ఆగింది. పూలు బ్రహ్మాండంగా ఉన్నాయి, కానీ ఒక పక్క మొక్కలు ఒకటి ఇటు, ఒకటి అటు, ఇంకోటి గోడ వైపు చూస్తున్నాయి. నేలలో పుట్టి పెరిగిన పువ్వులకి ఎటు చూడాలో తెలుసు. ఎక్కడో పెరిగి తెచ్చి పెట్టినవాటికి తెలీదు. ఆమె వంగి, మొక్క మొదట్లో మట్టిలోకి బొటనవేలు దింపింది. వేలికి కుండీ అంచు తగిలింది. పట్టుకుని ఒక్క లాగు లాగితే మొక్క, మట్టి, ప్లాస్టిక్ కుండీ అన్నీ కలిసి పైకొచ్చేశాయి.

"ఎత్తి పట్టుకుని నిలబడింది, చూడూ," అంటూ టీచరమ్మ తన నీళ్ళ సీసా ఎత్తి పట్టుకుని చూపించింది. బస్సులో ముందు సీటువాళ్ళు కూడా వెనక్కి తిరిగి నవ్వారు. అక్కడ వందమంది ఉన్నారట, ఫోన్లు తీశారట, సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడట, మీసాలాయన మొహం తెల్లబోయిందట.

"ఆయనేమన్నాడు మరి?" అని వదిన తెలిసే అడిగింది.

"ఏమంటాడు. నేను పెట్టలేదక్కా అన్నాడు ఒక్కసారి. నువ్వు పెట్టకపోతే నడుచుకుంటూ వచ్చాయా అన్నాను."

అందరూ నవ్వారు. తోటక్క కూడా నవ్వింది, కానీ నవ్వు సగంలో కిటికీ అవతల రోడ్డు మధ్య గట్టు మీద నారింజ రంగు కోటు వేసుకుని, ట్యాంకరు గొట్టం భుజాన వేసుకుని, దుమ్ముకొట్టిన పొదలకి నీళ్ళు పెడుతున్న మనిషి కనబడ్డాడు. అటూ ఇటూ లారీలు. ఆ మీసాలు ఎంత దూరం నుంచైనా ఆనవాలు పట్టొచ్చు. కుండీల గొడవ తర్వాత ఆయన్ని పార్కు నుంచి తీసేసి రోడ్డు గట్టుకి వేశారు. వదిన మోచేత్తో పొడిచింది, ఆయనే కదూ అని. తోటక్క తల తిప్పేసుకుని, తర్వాతి స్టాపు మనదేనేమో చూడమంది.

ఆ రోజు ఆరు ఇళ్ళు చూశారు. సాయంత్రం వీధి చివర బ్యాండు మేళం, బుడగలవాళ్ళు, ఐస్‌క్రీం బండి ముందు పొడుగాటి వరస. ఆ వరసలో నిలబడలేక తోటక్క దుకాణం మెట్టు మీద కూలబడింది. ఇంటికెళ్ళాక వేడినీళ్ళ సంచీ మోకాళ్ళ మీద పెట్టుకుని, రేపు నాలుగింటికి అనుకుంది, రేపు నాలుగింటి తర్వాత ఇక గొంతుక్కూర్చోను.

ఆదివారం పొద్దుటి మూడు ఇళ్ళూ ఎలా గడిచాయో ఆమెకి తెలీదు. ఒక ఇంట్లో చేపల తొట్టి ఉంది, ఒక ఇంట్లో అద్దాల గదిలో తీగలున్నాయి, మూడో ఇంట్లో కుర్చీ ఉంది, అదొక్కటే ఆమెకి గుర్తు. ఆఫీసర్లు వచ్చి వెళ్ళేదాకా పార్కులో కనబడకూడదని ఆమె పట్టుదల, ఎదురుగా నిలబడి దేబిరించినట్టుంటుందని. అందుకని నాలుగున్నరకి చేరారు.

గేటు లోపల జనం. తోటక్క మడి చుట్టూ మూడు వరసల జనం. ఫోటోలు తీసుకుంటున్నారు. టీచరమ్మ అందర్నీ తోసుకుంటూ, కాస్త జరగండమ్మా, ఈ తోట వేసినావిడ వస్తోంది అంటూ దారి చేసింది. ఒకావిడ చప్పట్లు కొట్టింది కూడా. తోటక్క సిగ్గుపడుతూ ముందుకొచ్చి, మడి వైపు చూసి, అలా ఉండిపోయింది.

ముందు వైపు, నడక దారి అంచున, పువ్వులు తూర్పుకి చూడటం లేదు. ఒకటి ఇటు. ఒకటి అటు. ఒకటి నేల చూపులు చూస్తోంది. రంగు కూడా రవ్వంత ఎక్కువ, ఆకులు నూనె రాసినట్టున్నాయి.

వదిన ఫోటో తీస్తాను నిలబడు అంటోంది. తోటక్క నిలబడలేదు, వంగింది. ఎడమ చెయ్యి నేలకి, కుడి మోకాలు మట్టి మీద, బొటనవేలు మొక్క మొదట్లో. రెండో కణుపు దాకా దిగకుండానే గట్టిగా, గుండ్రంగా అంచు తగిలింది. పక్క మొక్క దగ్గర దింపింది. అక్కడా అంతే. వేలు బయటికి తీసి మట్టి మళ్ళీ సర్ది, వదిన చెయ్యి పట్టుకుని లేచింది.

పక్కకి తీసుకెళ్ళి ఇద్దరికీ చెప్పింది. టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నువ్వు పెట్టలేదుగా, ఇంకేంటి, ఎవరికీ తెలీదు, ఆఫీసర్లు చూసి వెళ్ళిపోయారు కూడా అంది. వదిన మాత్రం ఆమె మోకాళ్ళ వైపు ఒకసారి చూసింది.

తోటక్క మనసులో మెదిలిన మొదటి మొహం మీసాలాయనదే. కక్ష తీర్చుకోవడానికి వాడే పెట్టి ఉంటాడు, ఇప్పుడెవడో వచ్చి లాగుతాడు, వందమంది ముందు ఎత్తి పట్టుకుంటాడు. ఆ ఆలోచనతోనే కాళ్ళు ఈడ్చుకుంటూ సూపర్‌వైజరు కోసం వెతికింది. ఆయన పాటల వేదిక వెనక కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకుని పాదాలు రుద్దుకుంటున్నాడు. ఆమెని చూడగానే మొహం వెలిగింది. షెడ్డు నీదేనక్కా, ఒకటో తారీఖు నుంచి, ఆఫీసర్లు నీ మడి దగ్గరే పావుగంట నిలబడ్డారు అన్నాడు.

"సార్, అందులో కుండీలున్నాయి. నేను పెట్టలేదు."

"తెలుసు. నేనే పెట్టించాను," అన్నాడాయన, మేజోడు దులుపుకుంటూ. నిన్న పొద్దున ఫోటోల కోసం పిల్లలు లోపలికి దిగి ముందు వైపంతా తొక్కేశారట, నీ ఖర్మ కాకపోతే ఏంటి, ఆఫీసర్లకి ఆ బోసి నేల చూపించలేం కదా, షెడ్డు నుంచి పదకొండు కుండీలు తెప్పించి వేయించానన్నాడు. ఏదో ఒక మడిలో ఏటా చెయ్యాల్సి వస్తుంది, తోటమాలులుంటే ఒప్పుకోరు, అందుకే ఆ రెండు రోజులూ మీ అందరికీ సెలవు ఇచ్చేది అన్నాడు మామూలుగా, వాన పడితే గొడుగు పట్టుకుంటాం అన్నంత మామూలుగా.

తోటక్క వేదిక వెనక చెక్కకి చెయ్యి ఆనించింది. అవతల ఎవరో డోలు వాయిస్తుంటే ఆ చెక్క అదురుతోంది.

"పోయినేడాది మీసాలాయన మడిలో?"

"అదీ నేనే. ఒక పక్క నీళ్ళు నిలిచి కుళ్ళిపోతే వేయించాను." ఆయన మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వు అంతమంది ముందు పీకి చూపిస్తే నేనేం చెయ్యను చెప్పు? నేనే అంటే నా ఉద్యోగం పోయేది. ఆయన్ని ఇంటికి పంపకుండా రోడ్డుకైనా వెయ్యించాను, అది నా మంచితనం."

ఆమె చెక్క మీంచి చెయ్యి తీసింది. తిరిగొచ్చింది. పదమన్నట్టు చెయ్యూపితే స్నేహితురాళ్ళిద్దరూ వెంట నడిచారు. షెడ్డు వచ్చిందా అని టీచరమ్మ అడిగింది. వచ్చింది అంది. టీచరమ్మ సంబరంగా భుజం మీద చెయ్యి వేసి, ఆ మొహం చూసి తీసేసింది. బస్‌స్టాపు దాకా నడుస్తూ తోటక్క ఉన్నదున్నట్టు చెప్పింది, దారిలో రెండుసార్లు ఆగి. ముగ్గురూ బెంచీ మీద కూర్చున్నారు. బస్సు వచ్చింది. ఆమె ఎక్కలేదు, కాబట్టి వాళ్ళూ ఎక్కలేదు.

స్టాపుకి కాస్త అవతల, రోడ్డు మధ్య గట్టు మీద ట్యాంకరు ఆగి ఉంది. పండగ రోజు కదా, ఊరు పచ్చగా కనబడాలని ఆదివారం కూడా డ్యూటీ. మీసాలాయన గొట్టం చుట్ట చుడుతున్నాడు. తోటక్క కార్ల మధ్య నుంచి చెయ్యి అడ్డం పెట్టుకుంటూ దాటింది. ఎవరో హారను కొట్టారు. గట్టు ఎక్కలేక అంచున ఆగితే, ఆయన చూశాడు, చెయ్యి అందించాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించి అందించాడు.

దగ్గర్నుంచి చూస్తే మనిషి నల్లబడిపోయాడు. మీసాల మీద పొగ దుమ్ము.

"అన్నా, ఆ కుండీలు నువ్వు పెట్టలేదు. నాకు ఇప్పుడే తెలిసింది."

"నాకు అప్పుడే తెలుసు," అన్నాడు, గొట్టం చుట్టడం ఆపకుండా.

మరెందుకు గట్టిగా చెప్పలేదని అడిగింది. ఒకసారి చెప్పా కదా అన్నాడాయన. నువ్వు కుండీ ఎత్తి పట్టుకున్నావు, దాని ముందు నా మాట ఎంత. ఆ ఫోటోలు మా పాప కాలేజీలో కూడా తిరిగాయి. ఇవన్నీ కోపం లేకుండా చెప్పాడు, ఎవరి సంగతో చెబుతున్నట్టు. లారీ పోతుంటే ఆగి, అది పోయాక మళ్ళీ మొదలుపెట్టాడు.

"నన్ను క్షమించు," అంది తోటక్క. ఇంకేం తోచలేదు.

ఆయన చుట్ట చుట్టిన గొట్టాన్ని ట్యాంకరు కొక్కేనికి తగిలించి, చేతులు కోటుకి తుడుచుకున్నాడు.

"అన్నది వందమంది ముందు అన్నావక్కా. ఇప్పుడు రోడ్డు మధ్యలో నాకొక్కడికే చెప్తే ఏం చేసుకోను?"

అని ట్యాంకరు ఎక్కి కూర్చున్నాడు. బండి కదిలింది. తోటక్క గట్టు మీద ఒంటరిగా నిలబడింది, రెండు వైపులా వాహనాలు పోతూనే ఉన్నాయి, దిగాలంటే మోకాలు వంగాలి, వంగడం లేదు. చివరికి టీచరమ్మే బడి పిల్లల్ని దాటించినట్టు రెండు చేతులూ ఎత్తి కార్లు ఆపి, ఆమెని దించి తీసుకొచ్చింది.

బస్సెక్కుదామా అని వదిన అడిగింది. తోటక్క పార్కు వైపు నడవడం మొదలుపెట్టింది. వదిన వెనకే వస్తూ, ఒక్క మాట చెబుతా విను అంది. ఆఫీసర్లు వెళ్ళిపోయారు, నువ్వు ఇప్పుడు నోరు తెరిస్తే షెడ్డు పోతుంది, మీసాలాయన తిరిగి పార్కుకి వస్తాడన్న నమ్మకం కూడా లేదు, నీ మోకాళ్ళు ఏం కాను? అన్నీ నిజాలే. తోటక్క అవునంది. అవునంటూనే నడిచింది.

మడి చుట్టూ జనం ఇంకా ఉన్నారు, వేరే జనం. ఆమె వాళ్ళ మధ్య నుంచి వెళ్ళి, చెప్పులు విడిచి, ఎడమ చెయ్యి నేలకి ఆనించి, గొంతుక్కూర్చుంది. మొదటి కుండీ తేలిగ్గానే వచ్చింది. పూలతో సహా నడక దారి మీద పెట్టింది. అయ్యో, ఎందుకు పీకేస్తున్నారు అని ఎవరో అడిగారు. ఒకతను ఫోను తీశాడు.

"ఇవి ఈ మడిలో పుట్టిన మొక్కలు కావు," అంది తోటక్క. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అంది. "షెడ్డు నుంచి తెచ్చి పాతినవి. పాతించింది మా సూపర్‌వైజరు గారు. పోయినేడాది రెండో మడిలో పాతించిందీ ఆయనే. ఆ మడి మీసాలాయనది. ఆయనే పెట్టాడని నేను అందరి ముందూ అన్నాను. ఆయన పెట్టలేదు. నేనన్నది తప్పు."

ముందు నిలబడ్డ కుటుంబం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పోయినేడాది మేం రాలేదమ్మా అన్నాడు తండ్రి మర్యాదగా. పక్కావిడ కూడా రాలేదట. వేదిక మీద పాట మొదలైంది, సగం మంది అటు వెళ్ళిపోయారు, ఇంకో సగం కొత్తగా వచ్చారు, ఏమైందని అడిగారు. ఆమె మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. రెండో కుండీ లాగింది. మూడోది వేరు పట్టి ఉంది, రెండు చేతులా కదపాల్సి వచ్చింది. ఆ వందమందీ ఎక్కడెక్కడ ఉన్నారో, ఎవరికి తెలుసు. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు చెప్పుకుంటూ పోవడమే.

నాలుగోది తీసేసరికి సూపర్‌వైజరు వచ్చాడు, బూట్లు ఒకటి వేసుకుని ఒకటి చేత పట్టుకుని. జనాన్ని చూసి ఆగాడు. ఏం చేస్తున్నావో తెలుస్తోందా అక్కా అన్నాడు చాలా నెమ్మదిగా. తెలుస్తోంది సార్ అందామె, తల ఎత్తకుండా. ఫోను పట్టుకున్నతను దాన్ని ఆయన వైపు తిప్పాడు. సూపర్‌వైజరు మొహం తెల్లబోయింది. ఆ తెలుపు తోటక్క ఇంతకుముందు ఇంకో మొహంలో చూసింది, చూసి ఏడాదిపాటు నవ్వుకుంది. ఇప్పుడు నవ్వు రాలేదు.

నడక దారి మీద నాలుగు కుండీలు. మడి అంచున నాలుగు గుంటలు. వదిన వచ్చి ఆమె చంకల కింద చేతులు వేసింది, ఇక చాలు, లే, మిగిలినవి మేం తీస్తాం అంటూ.

"వద్దు వదినా. లేస్తే మళ్ళీ కూర్చోలేను. ఇక్కణ్ణుంచే చెప్తా, వచ్చినవాళ్ళని ఇటు పంపు."

వదిన చేతులు తీసేసింది. టీచరమ్మ అప్పటికే గేటు దగ్గరికి వెళ్ళి నిలబడింది, లోపలికొచ్చే ఒక్కొక్కళ్ళకీ ఎటు వెళ్ళాలో విడివిడిగా, స్పష్టంగా చెబుతూ.